పద్దులో బయటపడ్డ పేరు

అక్టోబరు 21, 2023, పామ్‌డేల్, కాలిఫోర్నియా

మావాడు బ్లాక్‌బర్డ్ ఎయిర్‌పార్కుకి తీసుకెళ్లాడు. టికెట్టు లేదు. ఎస్ఆర్-71 గూఢచారి విమానం, దానికి అన్నలాంటి ఏ-12 పక్కపక్కనే ఎండలో నిలబెట్టి ఉన్నాయి. ఎస్ఆర్-71 ఫొటోల్లో నున్నగా కనిపిస్తుంది గానీ, దగ్గరికెళ్తే రెక్క మీద పొడుగ్గా గాళ్లు. ఆ వేగానికి లోహం కాగి సాగుతుందని ఆ ఏర్పాటు. నేల మీదున్నంతసేపూ అతుకుల్లోంచి ఇంధనం కారుతూనే ఉండేదట. ఒళ్లంతా టైటానియం. అందులో చాలా సరుకు బినామీ కంపెనీల పేరున సోవియట్ల దగ్గరే కొన్నారు!

"ఇంత స్పీడుదాన్ని ఎందుకు ఆపేశారు తాతయ్యా? దీనికంటే స్పీడుది వచ్చేసిందా?" అన్నాడు మనవడు.

అక్టోబరు 22

1990లో అందరూ అడిగిందీ అదే. ఆ మార్చిలో ఒక ఎస్ఆర్-71 లాస్ ఏంజెలిస్ నుంచి వాషింగ్టన్‌కి 64 నిమిషాల్లో పోయి మ్యూజియంలో చేరింది. అదే నెలలో 'ఏవియేషన్ వీక్' ఒక వార్త వేసింది: 1985 నాటి బడ్జెట్ కాగితాల్లో 'అరోరా' అనే పద్దు పొరపాటున బయటపడిందని, దాని కింద 45.5 కోట్ల డాలర్లు చూపించారని. ఇంకేముంది, శబ్దానికి అయిదారు రెట్ల వేగంతో పోయే రహస్య విమానం ఇదేనన్నారు.

ట్రెజరీలో తల నెరిసినవాణ్ణి, నా చూపు ముందు పద్దు మీదికే పోతుంది. ఎస్ఆర్-71ని తయారుచేసిన స్కంక్ వర్క్స్‌ని నడిపిన బెన్ రిచ్ 1994లో రాశాడు: అది బీ-2 బాంబర్ పోటీకి పెట్టిన సొమ్ము, పెంటగాన్‌లో ఓ కల్నల్ తోచిన పేరు తగిలించాడు, అంతేనని. నమ్మబుద్ధవుతోంది. మా ఆఫీసులోనూ ఏ హెడ్డు కింద వేయాలో తేలని సొమ్మంతా సస్పెన్స్ ఖాతాలో పడేది. ఏడాది తిరిగేసరికి దాని చుట్టూ ఎన్ని కథలో!

అక్టోబరు 25

పొద్దున ధడేల్‌మంది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. కోడలు పోపు గరిటె వదల్లేదు. "ఎడ్వర్డ్స్ బేస్ నుంచి మావయ్యగారూ, మామూలే" అంది.

1991, 92ల్లో ఇలాంటి మోతలే దక్షిణ కాలిఫోర్నియాలో భూకంప యంత్రాలకి చిక్కాయి. భూమి కాదు, పైనుంచి శబ్దవేగం దాటినదేదో పోయిందని శాస్త్రవేత్తలు తేల్చారు. అంతకుముందు 1989 ఆగస్టులో, నార్త్ సీలో ఆయిల్ రిగ్గు మీదున్న ఒక ఇంజనీరు, ట్యాంకర్ విమానం వెనక రెండు ఎఫ్-111ల సరసన సూదిమొనలాంటి నల్లటి ముక్కోణాన్ని చూశాడు. విమానాలు గుర్తుపట్టడంలో శిక్షణ ఉన్న మనిషి. ఈ సాక్ష్యాన్ని కొట్టిపారేయడం నావల్ల కావడం లేదు.

అక్టోబరు 28

అరోరా లేదని సైన్యమే అన్నదిగా, అంటాడు మావాడు. సైన్యం మాటకేం! రాడార్‌కి చిక్కని ఎఫ్-117 విమానం తొలిసారి 1981లో ఎగిరింది. 1986లో ఒకటి బేకర్స్‌ఫీల్డ్ దగ్గర కూలి పైలట్ పోతే, అడవికి కాపలా పెట్టారే తప్ప అదేమిటో చెప్పలేదు. ఒప్పుకున్నది 1988 నవంబరులో. ఈలోగా ఒక బొమ్మల కంపెనీ 'ఎఫ్-19' పేరుతో ఊహించి చేసిన నమూనా విపరీతంగా అమ్ముడైంది. అసలుదానికీ దానికీ పోలికే లేదు. విమానం ఉందన్న మాట నిజం, చెప్పుకున్న రూపం అబద్ధం.

మన పక్కన మాత్రం? కటక్ దగ్గర చార్బాటియా నుంచి 1964లో అమెరికా గూఢచారి విమానం యు-2 ఎగిరిందని 2013లో సీఐఏ పత్రాలు బయటికొస్తే గానీ నాకు తెలియలేదు. శ్రీకాకుళం నుంచి ఆ దారిన ఎన్నోసార్లు రైల్లో పోయినవాణ్ణే.

అయినా అరోరా ఎగరలేదనే నా లెక్క. ముప్పై ఏళ్లు దాటాయి. విమానమంటే హ్యాంగర్లు, ప్రత్యేక ఇంధనం, మెకానిక్కులు, వాళ్ల పింఛన్లు. ఎక్కడో ఒక బిల్లు బయటపడాలి, ఎవడో ఒక రిటైరైనవాడు సణగాలి. ఇదంతా మనవడికి చెప్పాను. వాడు 'టాప్ గన్: మావెరిక్' సినిమాలో డార్క్‌స్టార్ విమానాన్ని చూపించి, "మరి దీని డిజైన్‌కి స్కంక్ వర్క్స్ వాళ్లే ఎందుకు సాయం చేశారు?" అని నిలదీశాడు. సినిమాకి చేశార్రా అన్నాను. వాడు నమ్మలేదు.