అక్షరముపై చిన్న గుర్తు

ధరించువాని కొలతకు సరిపడని వస్త్రము ఎంత విలువైనదైనను నిష్ప్రయోజనము. భాషకు లిపియు అట్టిదే. కుర్దీ భాష విషయమున నాకీ సత్యము చక్కగా బోధపడినది.

కుర్దులు టర్కీ, ఇరాకు, ఇరాను, సిరియా దేశములలో వ్యాపించియున్న జాతి. వారి మాండలికములలో కుర్మాంజీని పెక్కుమంది రోమను లిపిలో వ్రాయుదురు. జలాదత్ బదర్ఖాన్ 1932లో దమస్కసు నగరమున ‘హావార్’ పత్రికను స్థాపించి, ఆ లిపిని ప్రచారము చేసెను. సొరానీని మాత్రము అరబ్బీనుండి గ్రహించిన అక్షరములతో వ్రాయుదురు. అరబ్బీ లిపికి అలవాటులేని ధ్వనులు కొన్ని ఇందు కలవు. మన పూర్వులు రేఫమునకును శకటరేఫమునకును భేదము పాటించినట్లే, కుర్దులు రెండు విధముల రకారములను, రెండు విధముల లకారములను పలుకుదురు. బరువైన ధ్వనిని తెలుపుటకు రకారము క్రిందను, లకారము పైనను కోణము వంటి చిన్న గుర్తు నుంతురు.

హైదరాబాదులో చదువుకొనుచున్న కుర్దు యువకుడొకడు నాకు మిత్రుడు. తల్లికి పంపుటకై ఒక శుభాకాంక్షల పత్రమును అచ్చువేయింపగోరి, నన్ను వెంటబెట్టుకొని ఒక అచ్చుకూటమునకు పోయెను. అచటివారు ఎంతో సొగసైన అరబ్బీ ఫాంటును ఎన్నుకొనిరి. కాని అందు గుర్తుగల లకారము లేదు. దానికి మారుగా సామాన్య లకారమును కూర్చిరి. కాగితము చూచి నా మిత్రుడు కొంతసేపు మాటాడలేదు. పిదప మెల్లగా, “లకారమును బరువుగా పలికినచో ‘గుల్’ అనగా పువ్వు, తేలికగా పలికినచో కుష్ఠురోగి. నేను మా అమ్మను పువ్వా అని పిలిచితిని” అనెను.

ఆ సాయంకాలము మేమిద్దరము కూర్చుండి అనేక ఫాంటులను పరీక్షించితిమి. గుర్తుగల అక్షరములన్నియు ఉన్నవా? పదములో అక్షరములు సరిగా కలియుచున్నవా? చిన్న పరిమాణమున గుర్తు స్పష్టముగా కనబడుచున్నదా? ఇవి మా ప్రశ్నలు. యూనికోడు పద్ధతి ననుసరించుచున్నదా అనునది మరొకటి. పూర్వపు కుర్దీ ఫాంటులు కొన్ని ఇతరాక్షరముల స్థానములను వాడుకొనెడివి. అట్టి ఫాంటుతో వ్రాసినది, ఆ ఫాంటు లేని యంత్రమున అర్థము కాని అక్షరముల గుంపుగా మారును. మన తెలుగు అచ్చుకూటములకును ఈ చిక్కు పరిచితమే. తుదకు ‘నోటో నస్ఖ్’ అను ఫాంటు మాకు తగినదిగా తోచెను. పువ్వు మరల పువ్వయ్యెను.

కావున ఫాంటు నెన్నుకొనునపుడు సొగసుకంటె ముందు చూడవలసినది ఆ భాషకు అవసరమైన అక్షరములు. మనము శకటరేఫమును క్రమముగా వాడుకనుండి విడిచితిమి. అది మనకు మనము చేసికొన్న మార్పు. కుర్దులు తమ చిన్న గుర్తును విడువలేదు. వారు విడువని దానిని యంత్రము విడిపింపరాదు.