ట్రేసింగ్ కాగితం మీద నల్లటి అక్షరం

వీధికో డీటీపీ సెంటర్ ఉన్న రోజుల్లో వాటన్నిటికీ ప్రాణం నలుపు తెలుపుల లేజర్ ప్రింటరే. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పరీక్ష పేపర్లు, కవితా సంపుటాలు, అన్నీ దాని నోట్లోంచే బయటికొచ్చేవి. పోయిన కరెంటు మళ్లీ వచ్చిందంటే ముందు వినబడేది దాని గరగర చప్పుడే.

లేజర్ కిరణంతో అచ్చు వేయవచ్చని 1970ల మొదట్లో చేసి చూపించింది జిరాక్స్ పరిశోధకుడు గ్యారీ స్టార్క్‌వెదర్. 1984లో హెచ్‌పీ, కేనన్ ఇంజన్‌తో తొలి లేజర్‌జెట్‌ను 3,495 డాలర్లకు తెచ్చింది. నిమిషానికి 8 పేజీలు, అంగుళానికి 300 చుక్కలు. ఇంగ్లీషుకు ఆ చుక్కలు సరిపోయాయేమో గానీ మన అక్షరాలన్నీ వంపులే. చిన్న సైజులో గుండ్రటి అంచులు మెట్లుమెట్లుగా కనిపించేవి, వత్తులు పూడుకుపోయేవి. 1992లో లేజర్‌జెట్ 4 వచ్చి 600 చుక్కలు ఇచ్చాక 'ష్ట్ర', 'క్ష్మి' కూడా నిండుగా నిలబడ్డాయి. తెలుగు పేజీకి అది పెద్ద మేలు.

ఆ తర్వాత మాకు బాగా చేరువైంది లేజర్‌జెట్ 1010, 1018, 1020, 1022 వరస. అన్నిటికీ ఒకటే 12ఎ కార్ట్రిడ్జ్. కంపెనీ లెక్కన 2,000 పేజీలు. పేజీ నిలువునా తెల్లచార పడితే కార్ట్రిడ్జ్ బయటికి తీసి, అటూ ఇటూ ఊపి మళ్లీ పెట్టేవాళ్లం. ఆ పూట పని గడిచిపోయేది. మరీ ఖాళీ అయితే రీఫిల్ కుర్రాడు వచ్చి, పాత పేపరు పరిచి, మిగులు పొడి దులిపి, కొత్తది పోసేవాడు. ఆ నల్లపొడి చేతికంటితే చన్నీళ్లతోనే కడుక్కోవాలి. వేణ్ణీళ్లు తగిలితే మరక పట్టేస్తుంది.

పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసే ఆపరేటర్లే చాలా పుస్తకాలకు తొలి పాఠకులు. "సార్, ఇక్కడ వాక్యం తెగినట్టుంది" అని వాళ్లు ఆగి అడిగినచోట నిజంగానే తెగి ఉండేది. ప్రూఫులు తెల్లకాగితం మీద వచ్చేవి. ఎర్రసిరా దిద్దుబాట్లు రెండు మూడు విడతలు నడిచాక, ఫైనల్ ట్రేసింగ్ కాగితం మీద తీసేవాళ్లు, అదీ అద్దంలో చూసినట్టు ఉల్టాగా. నల్లపొడి ఉన్న వైపే ఆఫ్‌సెట్ ప్లేటుకు ఆనాలి మరి.

ఆ పల్చటి కాగితం ప్రింటర్ లోపలి వేడికి ముడుచుకుపోయేది. అందుకని ఒక్కొక్కటే అందించి, బయటికొస్తుంటే లాగకుండా వేళ్ల మీదికి తీసుకునేవాళ్లు. ట్యూబ్‌లైటు కేసి ఎత్తి చూస్తే అక్షరం కాటుకలా ఉండాలి. బూడిదరంగు తేలితే ప్లేటు మీద ఆ ముక్క ఎగిరిపోతుంది. ఆఖరి క్షణంలో తప్పు కనబడితే ఆ ఒక్క లైనే విడిగా తీసి, బ్లేడుతో కోసి, టేపుతో అతికించేవాళ్లు. పక్క లైన్లతో సమానంగా, వెంట్రుకవాసి వంకర లేకుండా అతికించడం ఒక విద్య. ఆ విద్య తెలిసినవాళ్లంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ప్లేటు కోసం ఫిల్ము తీయించే ఖర్చు భరించలేని రచయితకు ట్రేసింగే దిక్కయింది. 500 కాపీలు వేసుకుని, సొంత ఊరి లైబ్రరీలో ఆవిష్కరించుకున్న తొలి పుస్తకాలెన్నో ఆ దారిన వచ్చాయి. మన చిన్న పత్రికల చరిత్ర రాసేవాళ్లు సంపాదకులతోపాటు ఈ ప్రింటర్లనూ, వాటి ముందు కూర్చున్నవాళ్లనూ తలుచుకోవాలి.

ఇప్పుడు పీడీఎఫ్ పంపితే చాలు, ప్రెస్సులో కంప్యూటర్ నుంచే నేరుగా ప్లేటు వచ్చేస్తుంది. ఖర్చు తగ్గింది, పని సులువైంది. కాకపోతే ట్రేసింగ్‌తోపాటు, అచ్చుకు ముందు పుస్తకం మొత్తాన్ని కాగితం మీద చదివే అలవాటు కూడా పోయింది. ఆ లోటు కొత్త పుస్తకాల్లో పేజీ పేజీకీ తెలుస్తోంది. తెర మీద కళ్లు జారిపోయే అచ్చుతప్పును కాగితం పట్టిస్తుంది. అందుకే పుస్తకం వేసుకునే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను: ప్రెస్సుకు పంపేముందు ఒక్క ప్రతి ప్రింటు తీయించండి. ఎర్ర పెన్ను పట్టుకుని మొదటినుంచీ చివరిదాకా చదవండి.