సగటు వేగము

బరువైన మనిషి సైకిలు నెక్కిన చూచువారికి నవ్వు వచ్చుట లోకసహజము. ఆ నవ్వును మేము చాలకాలముగా నెఱుగుదుము. ఈ పాఠశాలలో గణితము బోధించు మాకు 2023వ సంవత్సరమున 46 ఏండ్ల వయస్సును, 102 కిలోల బరువును ఉండెను. మా సైకిలు బరువు 14 కిలోలు. ఈ 116 కిలోల భారమును గుంటూరు వీథులలో గంటకు 15 కిలోమీటర్ల చొప్పున నడపుచు, ఇంతకంటె వేగము మా నుదుట వ్రాసిలేదని తృప్తి చెందియుంటిమి.

ఆ తృప్తి ఆ యేటి నవంబరు మాసమున భగ్నమయ్యెను. పై తరగతుల బాలురు పండ్రెండుగురును, ఉపాధ్యాయులము ఇరువురమును సైకిళ్లపై అమరావతికి విహారయాత్ర వెడలితిమి. లాం, తాడికొండల మీదుగా సుమారు 34 కిలోమీటర్ల దారి. తాడికొండ దాటునప్పటికి తక్కినవారందఱు మా చూపుమేర దాటిపోయిరి. పదవ తరగతి బాలుడొకడు మాత్రము మా ప్రక్కనే నెమ్మదిగా వచ్చుచుండెను.

"నీవు ముందునకు పో, నాయనా!" అంటిమి.

"లేదండీ మాస్టారు గారూ, నాకు నెమ్మదిగా పోవుటయే ఇష్టము" అని వాడు బదులు చెప్పెను.

వాడు ఆ యేడు పరుగుపందెమున ప్రథమ బహుమతి నందినవాడు. వాని మాట ఎంతవఱకు నిజమో మాకు తెలియనిది కాదు. ఆ దారికి మాకు 2 గంటల 16 నిమిషములు పట్టెను. అందఱును కలిసియే లోపలికి పోవలెనని ముందుగా మేమే కట్టడి చేసియుంటిమి. కావున బాలురు మా కొఱకు ద్వారముకడ వేచియుండిరి. మేము చేరునప్పటికి మ్యూజియము తలుపులు మూయుచుండిరి. మహాచైత్యమునుండి తీసిన శిల్పములను చూడకయే, సైకిళ్లను లారీలో వేసికొని అందఱము మరలి వచ్చితిమి. ఎవరును మమ్ము నిందింపలేదు. నిందించియుండినచో కొంత సుఖముగా నుండెడిది.

ఆ రాత్రియే ఒక నిశ్చయము చేసికొంటిమి. వచ్చు సంవత్సరము అదే దారిలో గంటకు 20 కిలోమీటర్ల సగటు వేగముతో పోవలయును. వైద్యునికడ గుండెను, రక్తపుపోటును పరీక్ష చేయించుకొని, మఱునాటినుండియే సాధన మొదలిడితిమి.

మొదటి నెల అంతయు తప్పులతోనే గడచెను. దినదినమును ఆయాసము వచ్చునంతటి వేగముతో త్రొక్కితిమి. వేగము పెరుగలేదు, మోకాళ్ల నొప్పి మాత్రము పెరిగెను. రాత్రి భోజనము మానితిమి. ఉదయము తరగతిలో నల్లబల్లముందు కన్నులు తిరిగెను. ఇది చాలక వెనుక చక్రపు స్పోకులు ఒకటి వెంబడి ఒకటి విఱుగసాగెను. సైకిలు బాగుచేయు పెద్దాయన చక్రమును త్రిప్పి చూచి, "సారూ, తప్పు మీది కాదు, చక్రానిదీ కాదు. మీ బరువుకు ఈ చక్రం చాలదు. 36 స్పోకులది వేయించండి. గాలి వారానికొకసారి కాదు, ఎక్కేముందు ప్రతిసారీ చూచుకోండి" అనెను. బరువైనవాని క్రింద గాలి తగ్గిన టైరు అణగి, నేలకు ఎక్కువగా అంటుకొని, త్రొక్కినవాని శ్రమను తాను మ్రింగును. ఆయన మాట విన్న పిమ్మట స్పోకు విఱుగలేదు.

అప్పుడు మేము నిత్యము బోధించు గణితమును మాకే బోధించుకొంటిమి. విద్యార్థులారా, ఈ లెక్కను మీరును గమనింపుడు. ఒకడు 10 కిలోమీటర్లు గంటకు 15 చొప్పునను, తక్కిన 10 కిలోమీటర్లు గంటకు 30 చొప్పునను పోయిన, వాని సగటు ఎంత? ఇరువదిరెండున్నర యని తరగతిలో సగముమంది చెప్పుదురు. మొదటి భాగమునకు 40 నిమిషములు, రెండవ దానికి 20 నిమిషములు, వెరసి గంట. కావున సగటు 20 మాత్రమే. నెమ్మదిగా పోయిన చోట కోల్పోయిన కాలమును వేగముగా పోయిన చోట తిరిగి సంపాదించుట దుర్లభము. కావున పల్లములో దూసికొని పోవుటకంటె, మెరకలోను ఎదురుగాలిలోను మఱీ చతికిలబడకుండుటయే ప్రయోజనకరము.

గాలి సంగతి మఱియొకటి. గాలిని చీల్చుకొని పోవుటకు కావలసిన శక్తి వేగముయొక్క ఘనము ననుసరించి పెరుగును. వేగము 15 నుండి 20కి పెరిగిన, గాలికై వెచ్చించు శక్తి ఇంచుమించు 2.37 రెట్లగును. కావుననే మోచేతులను కొంచెము వంచి, తల దించి, వదులుగా రెపరెపలాడు చొక్కాను మానితిమి. దేహభారము మెరక నెక్కునప్పుడే మిక్కిలి బాధించును. సమతలమున దాని బాధ తక్కువ. 1991 మొదలు 1995 వఱకు వరుసగా అయిదు పర్యాయములు ఫ్రాన్సు దేశపు మహాపందెమును గెలిచిన స్పెయిను దేశీయుడు మిగెల్ ఇందురాయిన్ సుమారు 80 కిలోల బరువుగలవాడు. పందెగాండ్రలో అది పెద్ద బరువే. చదునైన దారిలో ఒంటరిగా కాలముతో పోటీపడునప్పుడు ఆయనను మించుట ఇతరులకు కష్టమయ్యెను. ఇది చదివి మాకు కొంత ధైర్యము కలిగెను.

సాధనక్రమమును మార్చితిమి. వారమునకు నాలుగు దినములే సైకిలు. మూడు దినములు విశ్రాంతి. నాలుగింట రెండు దినములు ముప్పావుగంటసేపు, ప్రక్కవానితో మాటలాడగలిగినంత నెమ్మదిగా త్రొక్కుట. ఒక దినము నాలుగు నిమిషములు గట్టిగా త్రొక్కి, మూడు నిమిషములు తేలికగా పోవుచు, అట్లు నాలుగుసారులు చేయుట. శనివారము దూరప్రయాణము. మూడు వారములకొకసారి ఒక వారము సాధన తగ్గించుట. పూర్వము బరువైన గేరులో నిమిషమునకు 55 మార్లు త్రొక్కెడివారము; ఇప్పుడు తేలికగేరులో 80 మార్లు త్రొక్క నేర్చితిమి. పదునైదు సెకనులలో కుడికాలు ఇరువదిమార్లు క్రిందికి దిగిన లెక్క సరి. మోకాళ్ల నొప్పి క్రమముగా పోయెను. పస్తులు మాని, అన్నము సగము చేసి, పప్పును కూరలను పెంచి, పంచదార వేసిన తేనీటిని విడిచితిమి. సంవత్సరాంతమునకు 11 కిలోలు తగ్గితిమి.

2024 అక్టోబరునందు ఒంటరిగా అమరావతికి పోయిచూచితిమి. 1 గంట 45 నిమిషములు. అనగా సగటు 19.4. ఇంక కావలసినది కొంచెమే.

నవంబరున మరల బాలురతో బయలుదేరితిమి. ఈ పర్యాయము మేమును ముందువరుసలోనే యుంటిమి. ఇరుప్రక్కల ప్రత్తిచేలు వెనుకకు సాగిపోవుచుండెను. 24 కిలోమీటర్లు గడచునప్పటికి మీటరు 20.3 అని చూపెను. మా హృదయము పొంగెను. ఆ సంతోషములో వెనుదిరిగి తలలు లెక్కించితిమి. ఒకటి తక్కువ. ఎనిమిదవ తరగతి బాలుడు, తరగతిలో అందఱికంటె లావైనవాడు, కానరాలేదు. మా తోటి ఉపాధ్యాయునికి చెప్పి, తక్కినవారిని ముందునకు పంపి, మేము వెనుకకు మరలితిమి.

మూడు కిలోమీటర్ల వెనుక వేపచెట్టు నీడలో వాడు సైకిలు నానుకొని నిలువబడియుండెను. ముఖమెఱ్ఱనై యుండెను. మమ్ము చూడగానే "మీరు వెళ్లండి మాస్టారు గారూ, నేను వెనుక వస్తాను" అనెను. వాని టైరు నొక్కి చూచితిమి. మెత్తగా నుండెను. మా పంపుతో గాలి కొట్టి, తేలికగేరు వేయించి, వాని ప్రక్కన నడచితిమి.

కొంతదూరము పోయిన పిమ్మట వాడు మెల్లగా, "నా వలన మీకు ఆలస్యమగుచున్నది గదా" యని అడిగెను.

"లేదు నాయనా, మాకు నెమ్మదిగా పోవుటయే ఇష్టము" అంటిమి.

ఆ మాట మా నోట వెలువడిన తరువాతగాని, అది ఎవరి మాటయో మాకు స్ఫురింపలేదు. పూర్వపు సంవత్సరము ఆ పరుగుపందెపు బాలుడు మామీది దయచే అబద్ధమాడెనని తలంచియుంటిమి. అబద్ధము కాకపోవచ్చునని అప్పుడు తోచెను.

ఇంతకు ముందే బయలుదేరియుండుటచే మ్యూజియము తెఱచియే యుండెను. తక్కినవారు లోపల తిరుగుచుండిరి. మేమిరువురమును కడపట ప్రవేశించి, పాలఱాతివలె మెఱయు ఆ సున్నపుఱాతి శిల్పములను తనివితీర చూచితిమి. ద్వారముకడ సైకిలు నానించునప్పుడు మీటరు చూచితిమి: మరలివచ్చిన దూరముతో గూడి 40 కిలోమీటర్లు, 2 గంటల 20 నిమిషములు, సగటు 17.1.

ఇరువది యింకను అందలేదు. సాధన మానలేదు. అయితే శనివారపు దూరప్రయాణమునకు ఇప్పుడు మేము ఒంటరిగా పోవుటలేదు. ఆ బాలుడు ఉదయము అయిదున్నరకే వచ్చి, మా గుమ్మముముందు గంట మ్రోగించును.