విఫలమైన చోట మిగిలిన పట్టు

వృత్తిరీత్యా నా పని నిద్రకు సంబంధించినది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు హృదయస్థానమైన కెర్నల్‌లో, పరికరాలు పని లేనప్పుడు నిద్రించి, పని రాగానే మేల్కొనేటట్లు చూడటం నా విధి. అయితే నాన్నగారు దేహం చాలించిన తరువాత సంవత్సరకాలం పైగా నాకే నిద్ర కరవైనది. ఈ రెండింటికీ సంబంధమున్నదని ఒక దోషాన్ని సరిదిద్దుతూ గ్రహించాను. సాధకులకు ఉపకరించవచ్చునని ఇక్కడ నివేదిస్తున్నాను.

ముందుగా విషయస్వరూపం. కంప్యూటరు నడుస్తూ ఉండగానే అందులోని ఒక్కొక్క పరికరాన్ని విడివిడిగా నిద్రపుచ్చే ఏర్పాటు లినక్స్‌లోనికి 2009లో, 2.6.32 వెర్షన్‌తో వచ్చినది. దీనికి మూలం ఒక లెక్క. పరికరంతో అవసరమున్నవారు 'గెట్' అంటే లెక్క ఒకటి పెరుగుతుంది. పని ముగించి 'పుట్' అంటే ఒకటి తగ్గుతుంది. లెక్క శూన్యమైతేనే పరికరానికి విశ్రాంతి. పిల్ల పరికరం మేల్కొని ఉండగా దానికి ఆధారమైన తల్లి పరికరం సాధారణంగా నిద్రించదు. నిద్రకు పోవునప్పుడు ముందు పిల్ల, తరువాత తల్లి. మేల్కొనునప్పుడు ముందు తల్లి, తరువాత పిల్ల. లయక్రమం సృష్టిక్రమానికి విపరీతమని బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం, మూడవ పాదంలో చేసిన నిర్ణయం ఇక్కడ నాకు ప్రతిసారీ స్ఫురిస్తుంది.

మా వద్దకు ఒక ఫిర్యాదు వచ్చినది. ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచిన తరువాత, ఎప్పుడో ఒకసారి, ఏ పనీ చేయకున్నా బ్యాటరీ త్వరగా తరిగిపోతున్నది. రీస్టార్ట్ చేస్తే సరిపోతున్నది. పరిశీలించగా, మెమరీ కార్డు చదివే ఒక చిన్న పరికరం స్థితిని తెలిపే ఫైలులో సదా 'యాక్టివ్' అనియే కనిపించినది. కార్డు లేదు, అడిగినవారు లేరు. అయినా లెక్క శూన్యం కాదు, ఒకటి. ఆ పరికరం వలన పైనున్న పోర్టుకు నిద్ర లేదు. పోర్టు వలన ప్రాసెసరుకు గాఢవిశ్రాంతి లేదు.

ఆ ఒక్కటి ఎవరిది? అనేక దినాలు వెదికాను. 'గెట్' ఉన్న ప్రతిచోటా కింద 'పుట్' ఉన్నది. చివరకు, లెక్క మారిన ప్రతిసారీ ఒక పంక్తి నమోదయ్యేటట్లు ట్రేస్ పెట్టి, మూతను మరల మరల మూసి తెరవగా రహస్యం బయటపడినది. మూత మూసినప్పుడు వ్యవస్థ సమస్తం నిద్రకు ఉపక్రమిస్తుంది. దాని తుదిఘట్టంలో ఈ విడివిడి మేల్కొలుపులను కెర్నల్ నిలిపివేస్తుంది. సరిగా ఆ క్షణంలోనే మా డ్రైవరు, కార్డు ఉన్నదేమో చూచుటకు, పరికరాన్ని మేల్కొలపమని అడిగినది. కెర్నల్ నిరాకరించినది. 'లభించనే లేదు, తిరిగి ఇవ్వవలసినదేమున్నది' అన్నట్లు డ్రైవరు అక్కడినుండియే వెనుదిరిగినది.

దోషం అదే. మేము వాడిన 'గెట్ సింక్' అనే ఫంక్షన్ ముందు లెక్కను పెంచి, ఆ పిదప మేల్కొలపటానికి ప్రయత్నిస్తుంది. ప్రయత్నం విఫలమైనా పెరిగిన లెక్క అలాగే నిలుస్తుంది. ఈ పొరపాటు ఎందరో చేసినదే. అందుకే 2020లో, 5.10 వెర్షన్‌లో, విఫలమైనప్పుడు తన లెక్కను తానే దించుకొనే 'రిజ్యూమ్ అండ్ గెట్' అనే మరొక ఫంక్షన్‌ను చేర్చారు. చివరకు నేను మార్చినది ఒక్క పేరు.

మధ్యలో ఒక సహోద్యోగి సులభోపాయం సూచించాడు: మూత తెరిచిన ప్రతిసారీ అదనంగా ఒక 'పుట్' చేర్చుదామని. అది ప్రమాదం. మరొకరు న్యాయంగా వాడుకొంటున్న పట్టును అది దించివేస్తే, పని మధ్యలోనే పరికరం నిద్రిస్తుంది. పెంచినవారే, పెంచినచోటనే, దించవలెను.

ఆ సవరణ పంపిన రాత్రి కూడా నిద్ర రాలేదు. నాన్నగారి పరిస్థితి విషమించినదని అక్కయ్య ఫోను చేసిన రాత్రి జ్ఞప్తికి వచ్చినది. నేను అప్పుడు బెంగళూరులో ఉన్నాను. "వస్తున్నాను, నాన్నగారితో చెప్పు" అన్నాను. భారీ వర్షం వలన విమానం రద్దయినది. బస్సులో రాజమహేంద్రవరం చేరేసరికి అంతా ముగిసినది. ఉత్తరక్రియలు యథావిధిగా జరిపాను. చేరలేకపోయాను గనుక అందులో నేను విడువవలసినదేమీ లేదని నా బుద్ధి భావించినది. కాని "వస్తున్నాను" అన్న క్షణంలోనే లెక్క ఒకటి పెరిగినది. ద్వారం మూసుకొన్నది, లెక్క దిగలేదు.

ఫలత్యాగమంటే లభించిన ఫలాన్ని విడుచుట అనియే తలచేవాడిని. లభించని ఫలాన్ని విడుచుట అంతకంటె దుష్కరం, ఏలననగా చేతిలో పట్టు ఉన్నట్లే తోచదు. గీత రెండవ అధ్యాయంలో భగవానుడు సిద్ధితో పాటు అసిద్ధిని కూడా పేర్కొని, రెండింటా సమత్వాన్ని ఎందుకు బోధించాడో నాకు అప్పుడు కొంత అవగతమైనది. ఆ సంవత్సరంలో నేను అభ్యసించినదంతా శ్మశానవైరాగ్యం. అది ఆ అదనపు 'పుట్' వంటిదే. శోకాన్ని దించలేదు, భార్యాబిడ్డల పట్ల నా కర్తవ్యాన్ని మాత్రం దించివేయసాగినది.

పెంచినచోటనే దించవలెనన్న న్యాయాన్ని అనుసరించి, మరునాడు అక్కయ్యకు ఫోను చేశాను. "ఆ రాత్రి వస్తానన్నాను అక్కయ్యా, రాలేకపోయాను" అన్నాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: "నువ్వు బయలుదేరావని నాన్నకు అప్పుడే చెప్పానురా. సరేనని తల ఊపారు. నువ్వు ఇంకా ఆ బస్సులోనే ఉన్నావా?"

ఉపమానం ఏకదేశమాత్రమని నేనెరుగుదును. లెక్క జడం, మనస్సుకు వెనుక సాక్షి ఉన్నాడు. పైగా మాండూక్యం సుషుప్తిని మూడవ పాదంగానే చెప్పి, దానికి అతీతమైన తురీయాన్ని నిరూపించినది. నిద్ర గమ్యం కాదు. అయినా విశ్రమించలేని మనస్సు విచారణకు కూడా అర్హం కాదని నా స్వానుభవం.

ఇప్పుడు ప్రతిరాత్రి శయనించే ముందు ఆ దినం నెరవేరినవానిని కాక, ప్రయత్నించి విఫలమైనవానిని ఒక్కొక్కటిగా స్మరించి ఈశ్వరార్పణం చేస్తున్నాను. కొన్ని రాత్రులు లెక్క శూన్యానికి వస్తున్నది. కొన్ని రాత్రులు రావటం లేదు. రానినాడు, ఆ ఒక్కటి ఎవరిదో వెదకవలసిన చోటు మాత్రం తెలిసినది.

స్వస్తి.