తడి గోడకు పెట్టిన పైసలు

వరద తర్వాత మా మిద్దెకు పెట్టిన ఖర్చులు రాసుకున్న ఎర్ర అట్ట పుస్తకం ఇంకా నా బీరువాలోనే ఉంది. అందులో నడిమింటి గోడల గిలాబు ఖర్చు రెండుచోట్ల కనిపిస్తుంది. 2009 డిసెంబర్‌లో 60,000 రూపాయలు, 2011 మేలో 48,000 రూపాయలు. అదే ఇల్లు, అవే గోడలు. మొదటి అంకె పక్కన 'మిత్తి' అని రాసి, కింద నెలకొకటి చొప్పున పద్నాలుగు గీతలు గీసి ఉన్నాయి. ఆ గీతలు నావే. ఇల్లు మునిగినవాళ్లెవరైనా సలహా అడిగితే మొదట ఆ పేజీనే చూపిస్తాను.

మాది రాజోలి. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా వడ్డేపల్లి మండలంలో ఉండేది, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో సొంతంగా మండలమైంది. తుంగభద్ర ఒడ్డు, సుంకేసుల బ్యారేజీ దగ్గర. ఊరినిండా మగ్గాలే. గద్వాల చీర అని కొనుక్కుపోయే వాటిలో మా ఊరి మగ్గాల మీద దిగినవి ఎన్నో. నాయన, తమ్ముడు నేసేవాళ్లు. నాకు టీచరు ఉద్యోగం.

2009 అక్టోబర్ 2, శుక్రవారం. గాంధీ జయంతి కాబట్టి బడికి సెలవు. అంతకు ముందు రోజు నుంచే ఎగువన కుండపోత. తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆ డ్యాం డిజైన్ చేసిందే 19 లక్షల క్యూసెక్కుల లెక్కకు. 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీటిమట్టం పదడుగుల పైన ఎక్కింది. ఇవన్నీ మేము తర్వాత పేపర్లలో చదువుకున్నవి. ఆ రోజు మాకు తెలిసిందల్లా నీళ్లు వాకిట్లోకి వచ్చాయని, పట్టు మూటలు, నా సర్టిఫికెట్లు, అమ్మ బంగారం నెత్తిన పెట్టుకుని మెరక మీదున్న చుట్టాలింటికి నడవాలని.

నాలుగో రోజు తిరిగొచ్చాం. చాలా మట్టి మిద్దెలు కూలి కుప్పలయ్యాయి. మాది రాతి గోడలు కావడంతో నిలబడింది. వెనక గోడ ఒకటి మాత్రం పడింది. దూలాలు, దంతెలు తడిసి నల్లబడ్డాయి. బేతంచర్ల బండల మీద మోకాలి లోతు ఒండ్రు. మగ్గం గుంట ఎక్కడుందో కాలితో తడిమితే గాని తెలియలేదు, నేలకు సమంగా పూడిపోయింది. జకార్డు అట్టలు నీళ్లు తాగి ఒకదానికొకటి అతుక్కున్నాయి. నాయన ఒక అట్ట పట్టుకుని మెల్లగా విడదీయబోతే అది అన్నం మెతుకులా చేతికొచ్చింది. ఒక అంచు డిజైను మొత్తం ఆ అట్టల చిల్లుల్లోనే ఉంటుంది. ఆయన వాటిని కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

చేతిలో ఉన్నది నా పొదుపు 40,000. అమ్మది ఐదు తులాల బంగారం. ప్రభుత్వ సాయం ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో తెలియదు. ఉన్న పైసలు మొదట ఎక్కడ పెట్టాలనే దాని మీద నాకూ నాయనకూ మాటా మాటా అయింది.

"ముందు మగ్గం" అన్నాడాయన. "తడి ఇంట్ల పండుకోవచ్చురా. మగ్గం ఆడకుంటే తినేదెట్ల?"

నేను ఒప్పుకోలేదు. ఇల్లే బాగులేకపోతే మగ్గం దేనికన్నాను. ఆయన నా మాట వినలేదు. గుంటలో ఒండ్రు తోడి, పన్నె కొత్తది తెచ్చి, అట్టలు మళ్లీ కొట్టించి, జకార్డు పెట్టె విప్పి నూనె పట్టించే సరికి 18,000 అయింది. కార్తీకం దాటక ముందే మగ్గం ఆడింది. ఆ చలికాలమంతా మా బియ్యం, పప్పు ఆ మగ్గం మీది కూలితోనే వచ్చాయి. నా జీతం కదలకుండా మిగిలింది. ఇంటి మరమ్మతుకు పెట్టిన రూపాయి ఇంట్లోనే ఉండిపోతుంది, మగ్గానికి పెట్టిన రూపాయి వారానికి కొంతగా తిరిగొస్తుంది. నాయనకు ఈ లెక్క చేతివేళ్ల మీద ఉంది. ఉద్యోగస్తుణ్ణి, ఒకటో తారీఖు జీతం అలవాటైనవాణ్ణి, నాకు లేదు.

మిగిలిన దాంట్లో తిక్కపని చేసింది నేను. చెల్లెలి పెళ్లి మాఘమాసానికి ఖాయమై ఉంది. సంక్రాంతికే వియ్యాలవారు వస్తారు. గోడల మీద ఛాతీ ఎత్తున మట్టి గీత, కింద సున్నం పెచ్చులు. ఈ ఇల్లు చూస్తే వాళ్లేమనుకుంటారోనని నా బాధ. మా పాత ఇళ్లకు సున్నం పని చేసిన ముసలి మేస్త్రీని పిలిచాను. ఆయన గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు.

"గోడ నీళ్లు తాగింది సారూ. ఒక ఎండాకాలం పోనీయండి. అప్పుడు సున్నంతో చేద్దాం."

నాకు ఎండాకాలం దాకా ఓపిక లేదు. వేరే మేస్త్రీని పెట్టి సిమెంటు గిలాబు చేయించాను. పైన పుట్టీ, దాని మీద రంగు. దానికి 60,000. అప్పు తెచ్చింది నూటికి మూడు రూపాయల మిత్తికి, తెలిసినాయన దగ్గర.

బంగారం ఉండగా బయట ఎందుకు తెచ్చావని ఎవరైనా అడగొచ్చు. బ్యాంకులో కుదువ పెడితే అప్పట్లో నూటికి నెలకు రూపాయి దగ్గర పడేది. కానీ పెళ్లిలో అమ్మ మెడ బోసిగా కనబడితే నలుగురూ ఏమంటారోనని నేనూ అమ్మా ఇద్దరం వెనకాడాం. ఆ నలుగురి కోసం నెలకు 600 కట్టాల్సిన చోట 1,800 కట్టాను. పద్నాలుగు నెలలకు 25,200. అందులో 16,800 కేవలం మెడ నిండుగా కనబడటానికి పెట్టిన ఖర్చు. పెళ్లి ఒక్కరోజు. ఆ మరునాడైనా బంగారం బ్యాంకులో పెట్టి బయటి బాకీ తీర్చి ఉండొచ్చు. అదీ చేయలేదు. పెళ్లి పనుల అలసటలో వాయిదా వేస్తూ పోయాను.

బంగారం అమ్మకపోవడం మాత్రం మంచిదే అయింది. అప్పుడు పది గ్రాములు 16,000 దగ్గరుండేది, మూడేళ్లు తిరగకముందే 30,000 దాటింది. నాకు అది ముందే తెలిసి కాదు, అమ్మ ఒప్పుకోలేదు గనుక.

సంక్రాంతికి ఇల్లు తళతళలాడింది. ఉగాదికి నడిమింటి గోడ మీద, నేలకు రెండడుగుల ఎత్తున, రంగు బొబ్బలెక్కింది. వేలితో నొక్కితే లోపలి నుంచి తెల్లటి పొడి రాలింది. నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. వానాకాలానికి గిలాబు పలకలు పలకలుగా ఊడింది. బీరువా వెనక బూజు, బట్టలకు ముక్క వాసన. మా చిన్నోడికి దగ్గు తగ్గేది కాదు.

ఇందులో ఏం జరిగిందో తర్వాత్తర్వాత చదివి తెలుసుకున్నాను. మా గోడ రెండడుగుల మందం, రాయీ మట్టీ. తడిసిన గోడ అంగుళం మందం ఆరడానికి నెల పడుతుందని పాత కట్టడాలు బాగుచేసేవాళ్లు ఉజ్జాయింపుగా వేసే లెక్క. రెండు వైపుల నుంచీ ఆరినా మా గోడకు ఏడాది కావాలి. సున్నం గిలాబైతే తడిని బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. లోపలి నీళ్లు మట్టిలోని ఉప్పును కరిగించుకుని పైకి పాకుతాయి, దారి దొరికిన చోట ఉప్పు వదిలి ఆవిరవుతాయి. ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బి గిలాబును తోస్తుంది. ముసలి మేస్త్రీ అరచేత్తో చూసింది ఇదే.

2011 ఎండాకాలంలో జీపీఎఫ్ అడ్వాన్సు తీసుకుని, సిమెంటంతా ఉలితో కొట్టించి, గానుగ సున్నంతో మళ్లీ చేయించాను. ఆ పని ముసలి మేస్త్రీయే తన కొడుకును పెట్టుకుని చేశాడు. నాతో పాత సంగతి ఎత్తలేదు. గోడల మీద మొత్తం ఖర్చు 1,33,200. ఆగి ఉంటే 48,000తో పోయేది. మిగతా 85,200 ఆనాటి నా జీతంలో ఎన్నో నెలలది.

ఆగకూడనిది ఒకటుంది, కరెంటు. మునిగిన స్విచ్‌బోర్డులు, వైర్లు పైకి ఎండినట్టు కనిపించినా లోపల ఒండ్రు, తడి ఉంటాయి. మెయిన్ తీసేసి, మునిగినంత మేర వైరింగు మార్చి, లీకేజీ కరెంటు వస్తే తనంతట ఆగిపోయే ట్రిప్ స్విచ్ పెట్టించాకే లైటు వేసుకున్నాం. ఇంటికి పెట్టిన మొదటి ఖర్చు ఇదే. ఆ విషయంలో నాయనా నేనూ ఒక్క మాట మీదున్నాం.

సర్కారు సాయం మీద లెక్కలు కట్టుకోవద్దని కూడా అందరికీ చెబుతాను. 2022 నుంచి 2026 దాకా విపత్తు నిధి నిబంధనల్లో పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000 ఉంది. కానీ ఇల్లు నిలబడి పాక్షికంగా దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. మావంటి ఇళ్లన్నీ ఈ రెండో వరుసలోకే వస్తాయి. ఒండ్రు ఎత్తించిన కూలికి సరిపోతే గొప్ప. అందుకే పోస్టాఫీసులో నెలకు వెయ్యి ఆర్డీ మొదలుపెట్టాను. ఐదేళ్లకు తీరగానే మళ్లీ కొత్తది. దాన్ని ఇంట్లో 'మిద్దె ఆర్డీ' అంటారు, వేరే ఖర్చుకు ఎవరూ అడగరు.

బీమా సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' పేరుతో ఒకే తీరు పాలసీ ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ నిబంధన తెచ్చింది. అగ్గి, పిడుగు, గాలివాన, వరద అన్నీ అందులోకి వస్తాయి. స్థలం ధర కలపరు, మళ్లీ కట్టడానికయ్యే ఖర్చే లెక్క. ఇంటి బీమా మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షలు మించకుండా, సామానుకు జాబితా ఇవ్వకుండానే వర్తిస్తుంది. బంగారానికి విడిగా అడిగి తీసుకోవాలి. నేను 2022లో తీసుకున్నాను. తీసుకునేటప్పుడే తెలిసింది, ఇంట్లో ఉన్నా మగ్గం ఇంటి సామాను కాదు, వ్యాపారం సొత్తు. దానికి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అని వేరే పాలసీ ఉంది. నేతపని ఇళ్లవాళ్లు ఇది తప్పక అడిగి తెలుసుకోవాలి. మా ఇళ్లలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఆ మగ్గమే కదా.

ఇదంతా మళ్లీ అక్కరకొచ్చింది 2024లో, పాత నల్లగొండ జిల్లా కోదాడలో. మా అక్క కూతురు ఇల్లు అక్కడే. ఆగస్టు 31 రాత్రి వానకు, ఆదివారం తెల్లారేసరికి పల్లపు కాలనీలు మునిగాయి, రోడ్ల మీద కార్లు కొట్టుకుపోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది కూడా ఆ ఆదివారమే. నేను చేరేసరికి మూడు రోజులైంది. ఇంట్లోకి వచ్చింది వాన నీళ్లు మాత్రమే కాదు, మురికి కాల్వ కూడా. వాసన వీధి మొదట్లోనే తగిలింది.

పిల్ల చీపురు పట్టుకుని ఉంది. ముందు ఆ చీపురు పక్కన పెట్టించాను. గోడ మీది నీటి గీత దగ్గర టేపు ఆనించి, ప్రతి గదికీ, ప్రతి సామానుకూ ఫోన్‌లో ఫొటోలు తీశాం. ఫ్రిజ్, ఇన్వర్టర్ ఆన్ చేయనివ్వలేదు. పరుపులు కొత్తవి, 22,000 పెట్టి కొన్నవి. ఎండలో ఆరేస్తే పోదా అంది. మురుగు పీల్చిన ఫోమును ఎంత ఎండబెట్టినా నమ్మలేం. ఫొటో తీసి, బీమా సర్వేయరు చూసిందాకా పెరట్లో ఉంచి పారేయమన్నాను. కళ్లనీళ్లు పెట్టుకుంది. సంపు, సెప్టిక్ ట్యాంకు వెంటనే తోడించవద్దన్నాను. చుట్టూ నేల నీళ్లతో ఉబ్బి ఉన్నప్పుడు ఖాళీ చేస్తే తొట్టి పైకి లేస్తుంది, గోడ పగులుతుంది. నేల కడగడానికి బ్లీచింగ్ పౌడరు వాడమని, బాత్రూం యాసిడ్ మాత్రం దాంతో కలపవద్దని పనివాళ్లకు రెండుసార్లు చెప్పాను. రెండూ కలిస్తే వచ్చే గాలి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.

బీమా లేదు మామా అంది. ఇంటి అప్పు కాగితాలు తెమ్మన్నాను. బీరువా పై అరలో ఉండి తడవలేదు. తిరగేస్తే మధ్యలో పాలసీ కనబడింది. అప్పు ఇచ్చినప్పుడు సంతకం పెట్టించుకున్నది, చదవనిది. అయితే అది కట్టడానికి మాత్రమే, సామానుకు కాదు. పరుపులు, ఫ్రిజ్ పోయినట్టే. తలుపులు, వైరింగు, రంగు, గచ్చు మాత్రం కట్టడం కిందికి వస్తాయి. 1,90,000కు రాసిస్తే 1,46,000 వచ్చింది. కొన్ని టైల్స్ లేస్తే గదంతా మార్చే ఖర్చు రాసింది, సర్వేయరు దాన్ని తగ్గించాడు. అది న్యాయమేననిపించింది నాకు.

ఆ పైసలు చేతికి రాగానే పెయింటరును పిలుస్తానంది. నా ఎర్ర అట్ట పుస్తకంలోని ఆ పేజీని ఫొటో తీసి పంపాను. ఆమెవి తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, మా అంత సమయం పట్టదు. కానీ ఎంత పడుతుందో గోడనే అడగాలి. జానెడు ప్లాస్టిక్ కవరును గోడకు పెట్టి నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు వదిలేయమన్నాను. డిసెంబర్ మొదట్లో పొద్దున్నే ఫోన్ చేసింది.

"మామా, కవరు లోపల చెమట పట్టింది."

"పెయింటరు వచ్చాడా?"

"వాకిట్లోనే ఉన్నాడు. సంక్రాంతికి ఇల్లు కొత్తగా ఉండాలని అత్తమ్మ అంటోంది. నువ్వేమంటవ్?"

నేనేమీ అనలేదు. ఫోన్ పెట్టకుండానే ఆమె అవతల అతనితో చెప్పడం వినబడింది: శివరాత్రి దాటినంక రా అన్నా, అడ్వాన్సు నీ దగ్గరే ఉంచు.