మొహమాటము, గారము, భక్తి

ఒక భాషలో శబ్దము లేనంత మాత్రాన ఆ భావము ఆ జాతి హృదయములో లేదని చెప్పజాలము. అయితే పేరు లేని భావము తరచు గుర్తింపునకు నోచుకోదు. అట్టి వేళ పరభాషాశబ్దము దర్పణమై మన అంతఃకరణాన్ని మనకే చూపుతుంది. జపాను దేశపు మనోవైద్యుడు తకెయో దోయి అనుభవము ఇందుకు నిదర్శనము.

1950లో ఆయన శిక్షణకై అమెరికా వెళ్ళారు. అక్కడి తొలిదినాలలో ఒక గృహస్థుని చూడబోయారు. "ఆకలిగా ఉన్నదా? కావలిస్తే ఐస్‌క్రీమ్ ఉన్నది" అన్నారు గృహస్థు. దోయిగారికి నిజంగానే ఆకలిగా ఉన్నది. కానీ కొత్తవారి ఇంట తొలి మాటకే ఔననడానికి ఆయన సంస్కారము ఒప్పలేదు. మరొకమారు అడుగుతారని ఆశించి, వద్దన్నారు. గృహస్థు "సరే" అని ఊరుకున్నారు. అతిథి ఆకలి అలాగే మిగిలిపోయింది.

ఇందులో దోషమెవరిది? ఎవరిదీ కాదు. అతిథి మాటను మన్నించడమే గృహస్థు ఎరిగిన మర్యాద. చెప్పకనే ఆకలిని గ్రహించడము అతిథి ఎరిగిన ఆదరణ. "మొహమాటపడకండి" అంటూ, వద్దన్నా విస్తరిలో మరో గరిటె వడ్డించే తెలుగింటివారికి దోయిగారి ఇబ్బందిని వివరించ పనిలేదు. మన మొహమాటానికి సమీపమైన జపనీయ శబ్దము 'ఎన్‌ర్యో'.

స్వదేశానికి వచ్చిన పిమ్మట ఆయన ఒక రోగిని గూర్చి ఆమె తల్లిని ప్రశ్నించారు. ఆ తల్లి జపానులో జన్మించిన ఆంగ్లవనిత. ఆంగ్లములో మాట్లాడుతున్న ఆమె, ఒక్క వాక్యము మాత్రము హఠాత్తుగా జపనీయ భాషలో పలికారు: తన బిడ్డ తన వద్ద అంతగా 'అమయె' చూపలేదని. కారణమడిగితే, ఆ మాటను ఆంగ్లములో చెప్పే మార్గము లేదన్నారు. ఆ శబ్దమే దోయిగారి జీవితకాల విచారణకు కేంద్రమైనది. 1971లో వెలువడిన ఆయన గ్రంథము ఈ భావాన్నే విశ్లేషిస్తుంది.

'అమయె' అనగా, ఎదుటివారి ప్రేమ తనకు ఉన్నదన్న భరోసాతో వారిపై ఆనుకోవడము. తల్లి వద్ద బిడ్డ గారాలు పోవడము దీనికి మూలరూపము. అది భంగపడితే అలకగా, నిష్ఠూరముగా పరిణమిస్తుందని కూడ ఆయన చూపారు. శబ్దము జపానుదే అయినా భావము మానవులందరిదీ అని ఆయన సిద్ధాంతము.

స్వావలంబనమే పరిణతి అనుకొనే వారికి ఇది బలహీనతగా తోచవచ్చును. కానీ శ్రీవైష్ణవ సంప్రదాయము మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయాలను చర్చించినప్పుడు ఈ ప్రశ్ననే స్పృశించింది. కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకొంటుంది. పిల్లికూన ఏమీ చేయదు, తల్లియే నోట కరచుకొని పోతుంది. ప్రేమించబడుటకు తనను తాను విడిచిపెట్టుకోవడము ఇక్కడ దౌర్బల్యము కాదు, శరణాగతి.

దోయిగారి మరొక పరిశీలన సాధకులకు మిక్కిలి ఉపయుక్తము. మొహమాటము పరిచితుల నడుమనే ఉంటుంది. తల్లిదండ్రుల వద్ద అది ఉండదు, బొత్తిగా పరాయివారి వద్దనూ ఉండదు. మొదటిచోట ప్రేమాతిశయము వలన, రెండవచోట సంబంధమే లేనందున.

కంచర్ల గోపన్న గోలకొండ చెరసాలలో రామునికి చేయించిన ఆభరణాలను, వాటికైన వ్యయాన్ని ఏకరువు పెట్టి నిలదీశారు. అంతలోనే, బాధ తాళలేక నోరు జారానని మన్నింపు వేడుకున్నారు. అది బిడ్డ అలక. కోరికల పట్టికను నిస్సంకోచముగా చదివి, పని కాకుంటే మరో దైవాన్ని వెదకుకొనేవారికీ మొహమాటము లేదు. అది పరాయితనము.

పైకి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. కోరినది లభించని నాడు భేదము తెలుస్తుంది. పరాయివాడు వెళ్ళిపోతాడు. బిడ్డ అలిగి, ఏడ్చి, ఆ గడపలోనే కూర్చుంటాడు. మన ప్రార్థన ఈ రెంటిలో ఏదో ఎవరికి వారు విచారించుకోదగును.