అత్తయ్యని మంచానికి అప్పగించలేదు

హైటెక్ సిటీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో పగటిపూట ఉండేదెవరనుకున్నారు? మనలాంటి ఆడవాళ్లు, పసిపిల్లలు, ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లు. 1998లో సైబర్ టవర్స్ వచ్చిన దగ్గర్నుంచి ఉద్యోగాలకని ఇటు వచ్చిన పిల్లలు, తర్వాత అమ్మానాన్నల్నీ తెచ్చుకున్నారు. జీవితమంతా మట్టి వాకిట్లో, గరుకు గచ్చు మీద నడిచిన కాళ్లకి ఈ నున్నటి టైల్స్ కొత్త కదండీ!

మా అత్తయ్య కూడా అలాగే తెనాలి నుంచి కొండాపూర్‌లోని మా ఫ్లాటుకి వచ్చారు. 78 ఏళ్లు. కిందటేడు కార్తీకమాసంలో తెల్లవారుజామున స్నానానికని వెళ్లి బాత్‌రూంలో జారిపడ్డారు. కుడికాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. (పడ్డ పెద్దవాళ్ల కాలు ఇలా కనిపిస్తే తుంటి విరిగిందనే అనుకోండి. లేపి నడిపించి చూడొద్దు.) 108కి ఫోన్ చేశాం. ఎక్స్‌రే తీసి, తుంటి కీలు దగ్గర తొడ ఎముక మెడ విరిగిందన్నారు.

ఇక మొదలయ్యాయి సలహాలు! "ఈ వయసులో ఆపరేషనా? పుత్తూరు కట్టు కట్టిస్తే పోలా?" అన్నారు బావగారు. "మూణ్ణెల్లు కదలకుండా పడుకోబెట్టండి, అదే అతుక్కుంటుంది" అంది పక్క ఫ్లాటావిడ. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగిల్లుందా! చెయ్యి విరిగి కట్టించుకున్నవాళ్లు మా పుట్టింట్లోనే ఉన్నారు. కానీ డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. తుంటి కీల్లో బంతిలాంటి భాగానికి రక్తం ఎక్కువగా ఆ మెడ మీదుగానే అందుతుందట. అక్కడ విరిగి ఎముక పక్కకి జరిగితే రక్తనాళాలు కూడా దెబ్బతింటాయి. పైన ఎన్ని కట్లు కట్టినా అతుక్కోవడం కష్టం. పైగా ప్రాణం మీదికి తెచ్చేది విరిగిన ఎముక కన్నా మంచమేనట. కదలకుండా పడుంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో రక్తం గడ్డలు, వీపున పుళ్లు. అందుకే వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేసెయ్యాలంటారు. ఇంగ్లండులో అయితే 36 గంటల్లోగా చేసి, మిగతా జాగ్రత్తలూ తీసుకున్న ఆసుపత్రికి అదనంగా డబ్బిచ్చే పద్ధతి 2010లో పెట్టారు.

బావగారు ఇంకా తటపటాయిస్తుంటే అత్తయ్యే తేల్చేశారు. "ఒరేయ్ పెద్దోడా, మంచంలో అన్నీ ఒకరిచేత చేయించుకుంటూ బతకలేన్రా. కోయించండి, నన్ను నడిపించండి."

మర్నాడే చేశారు. విరిగిన బంతి తీసేసి లోహపుది పెట్టారు. ఆ మర్నాడు పొద్దున్నే ఫిజియోథెరపీ అమ్మాయి వాకరు పట్టుకొచ్చింది. నాకు గుండె ఝల్లుమంది. అత్తయ్య పెట్టిన కేకలకి వార్డంతా తిరిగి చూసింది. ఆ అమ్మాయి వదిలితేనా! నొప్పి మందు వేయించి, కాసేపాగి మళ్లీ నిలబెట్టింది. నాలుగడుగులు వేశారు.

అసలు పరీక్ష ఆ రాత్రి వచ్చింది. "ఎవరమ్మా నువ్వు? దూడని కట్టేశారా?" అంటూ సెలైన్ సూది లాగబోయారు. అమ్మకి మతి పోయిందని మావారు బెంబేలెత్తిపోయారు. పెద్దవాళ్లకి ఆపరేషన్ తర్వాత ఇలా తికమక రావడం మామూలేననీ, చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుందనీ నర్సు చెప్పింది. అలాగని ఊరుకోకూడదు, వెంటనే చెప్పాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, మలబద్ధకమో కారణం కావచ్చు. మిగతాది మన చేతిలో పనే. కళ్లజోడు, పళ్లసెట్టు, వినికిడి మిషను ఇంటి నుంచి తెచ్చి పెట్టడం, పగలు కిటికీ తెర తియ్యడం, తెలిసిన ముఖం ఒకటి పక్కనుండటం. వాదించి లాభం లేదు. "దూడ సంగతి నేను చూస్తాలే అత్తయ్యా, మీరు ఆసుపత్రిలో ఉన్నారు, నేనిక్కడే ఉన్నాను" అంటూ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నాలుగోనాటికి నా పేరు పెట్టి పిలిచి కాఫీ అడిగారు.

ఇంటికొచ్చాక పథ్యం గొడవ! కారప్పొడి అన్నం తప్ప పెట్టొద్దని చుట్టాలు. పుండు మానాలన్నా కండ పట్టాలన్నా మాంసకృత్తులు కావాలని డాక్టరుగారు. అత్తయ్యకి ఆకలుండేది కాదు. అందుకని కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టేదాన్ని... గుడ్డు, పెసరకట్టు, గడ్డపెరుగు. బాసింపట్టు వెయ్యొద్దనీ, పీటలు, పొట్టి కుర్చీలు వద్దనీ చెప్పారు కనక, దేవుడి ముందు కూడా ఎత్తు కుర్చీయే వేశాం.

ఇంకొక్క మాట. డిశ్చార్జి రోజు బిల్లుల హడావుడిలో చాలామంది అడగరు. ఒక తుంటి విరిగినవాళ్లకి రెండోదీ విరిగే ప్రమాదం ఎక్కువ. ఎముక గుల్లబారకుండా మందు ఏమిస్తున్నారని తప్పకుండా అడగండి. జోలెడ్రోనిక్ ఆసిడ్ అని ఏడాదికొకసారి సెలైన్‌లో ఎక్కించే మందుంది. కిడ్నీల పరీక్ష చేసి, విటమిన్ డి సరిచూసి ఇస్తారు. మా అత్తయ్యకి ఎక్కించారు. వచ్చే ఏడాది తారీఖు క్యాలెండరు మీద ఇప్పుడే రాసిపెట్టాను.